ఇంజను ఊపిరి, ఇంజను మ్రోత
(స్పోర్ట్స్ కార్ల గాలిమార్గము, పొగమార్గముల మార్పును గూర్చిన పరిశీలనము)

నందిదుర్గము క్రింది రహదారిపై ఆదివారమునాటి తెల్లవారుజాము నిశ్శబ్దముగా నుండదు. బెంగుళూరునుండి సూర్యోదయము చూడవచ్చు కార్లును, మోటారు సైకిళ్లును దేవనహళ్లి దాటి కొండమలుపులను సమీపించునప్పుడు, వానిలో కొన్నింటి మ్రోత బండి కంటబడుటకు ముందే చెవిని బడును. చిక్కబళ్లాపురము, శిడ్లఘట్ట, చింతామణి వీధులలో గూడ ఈ మ్రోత నేడు క్రొత్తది కాదు. "సైలెన్సరు మార్పించితిని, బండి ఇప్పుడు బాగుగా లాగుచున్నది" అని చెప్పు యువకులు ప్రతి మెకానిక్కు షెడ్డు వద్దను కనబడుదురు. వారిలో కొందరు నెలజీతములో పెద్దభాగము దానికే వెచ్చించుచున్నారు.

ఈ మాటలో నిజమెంత? మ్రోత పెరిగినచో బలము పెరుగునా? లేక రెండును వేరువేరు విషయములా? పందెపు కార్ల నిర్మాతలు గాలి లోనికి వచ్చు త్రోవను, పొగ వెలుపలికి పోవు త్రోవను మార్చుట వాస్తవమే. వారు దేనికై మార్చుదురో, ఏమి పొందుదురో తెలిసికొన్నగాని, మన వీధిలోని మ్రోతను సరిగా విలువకట్టుట సాధ్యము గాదు.

మోటారు విద్యకును ఈ సీమకును సంబంధము లేకపోలేదు. చిక్కబళ్లాపురము చెంతనున్న ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు 1930వ దశకముననే ఈ దేశమునందు కార్ల కర్మాగారము నెలకొల్పవలెనని ప్రణాళిక రచించిరి. అమెరికా, ఐరోపా ఖండములలోని కర్మాగారములను స్వయముగా పరిశీలించి వచ్చిరి. నాటి ప్రభుత్వము తోడ్పడనందున ఆ యత్నము ఆ రూపమున ఫలింపలేదు. ఐనను వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయియందు స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థకు ఆ యాలోచన దారి చూపినది. యంత్రమును లెక్కతో చూడవలెనని బోధించిన ఆ మహనీయుని జన్మభూమిలో ఈ విషయమును గూడ లెక్కతోనే చూచుట యుక్తము.

1. ఇంజను పీల్చు గాలి

పెట్రోలు ఇంజను బలమంతయు పెట్రోలులోనే యున్నదని సామాన్యులు తలతురు. అది సగము నిజము. ఒక గ్రాము పెట్రోలు సంపూర్ణముగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. పెట్రోలును కావలసినంత పోయుట కష్టము గాదు. చిన్న పంపు ఒకటి చాలును. గాలి యట్లు కాదు. అది తేలికైనది, విస్తారమైన చోటు నాక్రమించునది. పిస్టను క్రిందికి దిగినప్పుడు ఏర్పడు వెలితిని నింపుటకై వెలుపలి వాతావరణపు ఒత్తిడిచే లోనికి నెట్టబడవలసినది. కావున ఇంజను బలమునకు హద్దు నిర్ణయించునది పెట్రోలు కాదు, గాలి.

ఒక ఉదాహరణము చూడుడు. ఒకప్పుడు మన వీధులన్నింట తిరిగిన మారుతి 800 కారు ఇంజను పరిమాణము 796 ఘన సెంటీమీటర్లు. దానికి మూడు సిలిండర్లు. పీల్చుట, అదుముట, మండుట, వదలుట అను నాలుగు పనులు ముగియుటకు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగవలెను. ఆ రెండు చుట్లలో ఇంజను తన పరిమాణమునకు సమానమైన గాలిని ఒకసారి పీల్చును. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు అది 2,388 లీటర్లగును. అనగా సెకనునకు ఇంచుమించు 40 లీటర్లు. ఊరక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు పీల్చు గాలి 6 మొదలు 8 లీటర్లు. ఆ చిన్న ఇంజను ఒక్క సెకనులో పీల్చినది ఒక మనుష్యునికి అయిదు నిమిషముల ఊపిరి.

ఇది సిలిండరు పూర్తిగా నిండినచో వచ్చు లెక్క. సామాన్యముగా అది నిండదు. ఆ వేగమున గాలి వాల్వు తెరచియుండు కాలము సెకనులో సుమారు నూట యేబదవ వంతు మాత్రమే. ఆ అల్పకాలములో గాలి వడపోత గుడ్డను దాటి, గొట్టపు వంపులు తిరిగి, వాల్వు సందున దూరి లోనికి రావలెను. వెనుకటి పొగ పూర్తిగా వెడలనిచో క్రొత్త గాలికి చోటు తక్కువగును. ఈ రెండు అడ్డంకులను తగ్గించుటయే పందెపు నిర్మాతల ఉద్యమమునకు మూలము.

2. గాలిమార్గము

గాలిమార్గమున చేయు మార్పులు మూడు విధములు. మొదటిది చల్లని గాలిని తెచ్చుట. గాలి వేడెక్కినకొలది పలుచబడును. 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలిని పీల్చినచో, అదే పరిమాణమునందు నూటికి 9 వంతుల గాలి తగ్గును; దానితో బలమును దాదాపు అంతే తగ్గును. కారుతో వచ్చు నల్లని ప్లాస్టిక్కు ఫిల్టరు పెట్టెను తీసివేసి, శంఖాకారపు ఎయిర్ ఫిల్టరును ఇంజను ప్రక్కనే బయలుగా బిగించుట నేడు కొందరికి వేడుక. అది ఇంజను వేడిగాలినే పీల్చును. మ్రోత హెచ్చును, బలము పలుమారు తగ్గును. నిర్మాత అమర్చిన పెట్టె వెలుపలి చల్లని గాలిని తెచ్చుటయే గాక, గాలి పీల్చునప్పటి చప్పుడును సైతము అణచుచుండును.

రెండవది వడపోతయొక్క నిరోధము తగ్గించుట. ఇందు లాభము కొద్దిపాటిదే. శుభ్రమైన కాగితపు ఫిల్టరు సామాన్య వేగములలో గాలిని అంతగా అడ్డగింపదు. వడపోత వదులైనకొలది ధూళి లోనికి పోవును. ఎండకాలమున మన మెట్టసీమ రోడ్లపై లేచు సన్నని ధూళిలో ఇసుక కలదు. అది సిలిండరు గోడలను, పిస్టను రింగులను ఉప్పుకాగితము వలె అరుగదీయును. పందెపు ఇంజను కొన్ని పందెములకే విప్పి సరిచేయబడును. ఇంటి కారు ఏండ్ల తరబడి నడువవలెను.

మూడవది గొట్టముల పొడవును వేగమునకు తగినట్లు ఏర్పరచుట. ఇదియే నిజమైన విద్య. గొట్టములో వేగముగా వచ్చు గాలికి బరువు కలదు. బరువున్న వస్తువు తటాలున నిలువదు. పిస్టను మరల పైకి లేవనారంభించినను వాల్వును కొంచెము సేపు తెరచియుంచినచో, ఆ ఊపున గాలి ఇంకను లోనికి చొరబడును. అంతియే గాక, పిస్టను లాగినప్పుడు పుట్టిన ఒత్తిడి తరంగము గొట్టము చివరకు పోయి తిరిగివచ్చును. తిరిగివచ్చు వేళకు వాల్వు తెరచియున్నచో మరికొంత గాలి కూరబడును. ఉయ్యాలను సరియైన వేళ తట్టినచో చిన్న తట్టుకే పెద్ద ఊపు వచ్చుటయు, వేళ తప్పినచో ఉన్న ఊపు గూడ చెడుటయు అందరెరిగినదే. ఇదియు నట్టిదే. అమెరికాలో 1960లో వెలువడిన క్రైస్లర్ 300-ఎఫ్ కారు గాలిగొట్టములు 30 అంగుళముల పొడవున ఇంజనుకు అడ్డముగా చాచబడినవి. అవి అలంకారమునకు కావు, తరంగమునకు వేళ కుదుర్చుటకు.

నందికొండ ఈ విషయమున గొప్ప పాఠము చెప్పును. దాని శిఖరము సముద్రమట్టమునకు 1,478 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. టర్బో లేని ఇంజను సముద్రతీరమున నిచ్చు బలములో నూటికి 12 మొదలు 16 వంతులు ఆ శిఖరమున కోల్పోవును. మ్రోత మాత్రము వినువారికి తగ్గినట్లు తోచదు. కొండయెక్కి గర్జించు బండి ఆ గర్జించు చోటనే మిక్కిలి దుర్బలముగా నున్నదన్నమాట.

3. పొగమార్గము

పొగవాల్వు తెరచుకొనునప్పుడు సిలిండరులో ఒత్తిడి ఇంకను చాల కలదు. పొగ ఒక్కుమ్మడిగా గొట్టములోనికి దూకును. దానితో ఒక ఒత్తిడి తరంగము బయలుదేరి, గొట్టము తెరచియున్న చోటికి చేరగానే విపరీత స్వభావముతో, అనగా పీల్చు తరంగముగా, వెనుకకు మరలును. అది పొగవాల్వు మూసికొనబోవుచు గాలివాల్వు తెరచుకొనుచున్న సంధికాలమున సిలిండరును చేరినచో, మిగిలిన పొగను వెలుపలికి లాగి, క్రొత్త గాలిని వెంట రప్పించును. ఇట్లు పొగగొట్టమే ఇంజనుకు రెండవ పిస్టను వలె సాయపడును.

కాని వేళ తప్పరాదు. శబ్దము మన యెరిగిన గాలిలో సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. 600 డిగ్రీల వేడిపొగలో ఇంచుమించు 600 మీటర్లు పోవును. మీటరున్నర గొట్టములో తరంగము పోయి వచ్చు దూరము 3 మీటర్లు. అందుకు పట్టు కాలము సెకనులో రెండువందల వంతు. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు ఇంజను ఆ కాలములో అరచుట్టు తిరుగును. 3,000 చుట్లు తిరుగునది పావుచుట్టే తిరుగును. ఒక వేగమునకు సరియైన గొట్టము మరియొక వేగమునకు సరికాదు. పందెపుకారు ఎల్లవేళల హెచ్చు వేగముననే తిరుగును గనుక దాని గొట్టములు ఆ వేగమునకే కొలిచి చేయబడును. బజారులో మూడవ గేరున పోవు కారునకు ఆ కొలత నష్టకారి.

"ఇంజనుకు కొంత బ్యాక్ ప్రెషరు కావలెను" అని షెడ్డులలో వినబడు మాట సరియైనది కాదు. ఐనను దాని వెనుక ఒక అనుభవము కలదు. పొగకు ఎదురొత్తిడి ఏ ఇంజనుకును మేలు చేయదు. కాని గొట్టమును మిక్కిలి లావుచేసినచో పొగ వడి తగ్గును, తరంగము బలహీనమగును, తక్కువ వేగమున లాగుడు పోవును. సన్నని గొట్టము మరల పెట్టినప్పుడు లాగుడు వచ్చుట చూచి, ఎదురొత్తిడియే మేలు చేసినదని మెకానిక్కులు భ్రమపడిరి. మేలు చేసినది పొగ వడి.

తరంగమును పూర్తిగా లోబరచుకొన్న ఘనత తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థయందు పనిచేసిన వాల్టర్ కాడెన్‌ది. వాల్వులు లేని రెండు దశల ఇంజనులో క్రొత్త గాలి పొగతోపాటు వెలుపలికి పోవుట పెద్ద లోపము. ఆయన పొగగొట్టమును నడుమ ఉబ్బి ఇరుకొనలను సన్నగిల్లు ఆకారమున నిర్మించి, వెడలిపోయిన గాలిని తరంగముచేతనే వెనుకకు త్రోయించెను. 1961 నాటికి ఆయన 125 ఘన సెంటీమీటర్ల ఇంజను 25 అశ్వశక్తుల బలము నిచ్చినది. ఆ యేడే ఆయన పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమమునకు పారిపోయి, ఆ విద్యను జపానులోని సుజుకీ సంస్థకు చేర్చెను. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 మొదలు 1996 వరకు చేసిన జావా, యెజ్డి మోటారు సైకిళ్లు గూడ రెండు దశలవే. ఒక్క సిలిండరునకు రెండు పొగగొట్టములు గల ఆ బండ్ల ధ్వనిని ఈ సీమ పెద్దలు ఇప్పటికిని మరువలేదు.

4. ధ్వని విచారము

తెలుగున ధ్వనికి పేరులనేకము. నాదమనినచో శ్రుతిగలది, మ్రోత యనినచో బిగ్గరయైనది, రొద యనినచో విసుగు పుట్టించునది. ఇంజనునుండి మూడును పుట్టవచ్చును.

ఇంజను శ్రుతిని నిర్ణయించునది మండు సంఖ్య. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు 200 మారులు మండును. మూడు సిలిండర్లది 150 మారులు. ఒక్క సిలిండరు గల నాలుగు దశల మోటారు సైకిలు 3,000 చుట్లకు 25 మారులే మండును గనుక దాని ధ్వని డప్పు దెబ్బల వలె విడివిడిగా వినబడును. అమెరికా వి-8 కార్లలో చాలవరకు ఒక్కొక్క ప్రక్కనున్న నాలుగు సిలిండర్లు సమానమైన ఎడముతో మండవు. అందుచేతనే వాని ధ్వనియందు గలగల పారునట్టి ఒక తబ్బిబ్బు కలదు. సమానమైన ఎడముతో మండు ఇటలీ కార్ల ధ్వని తీగసాగి పైకి లేచును.

మండు సంఖ్య శ్రుతి నిచ్చును. గొట్టము దానిలో ఏ అంశమును పెంచవలెనో, ఏ అంశమును అణచవలెనో నిర్ణయించును. ముఖవీణ పొట్టిది గనుక దాని శ్రుతి హెచ్చు. నాదస్వరము పొడుగుది గనుక గంభీరము. నాదస్వరపు చివరనున్న వెడల్పు అనసు ధ్వనిని దూరమునకు చేర్చును. సైలెన్సరు ఇందుకు విపర్యయముగా పనిచేయును. ఒక రకపు సైలెన్సరులో గదులు గదులుగా నుండి తరంగమును తరంగముచేతనే ఖండించును. రెండవ రకమున చిల్లుల గొట్టము చుట్టును గాజునూలు దట్టించి ధ్వనిని వేడిగా మార్చును. మొదటిది పొగను కొంత అడ్డగించును. రెండవది తక్కువగా అడ్డగించును గాని తక్కువగా అణచును. షెడ్డులలో ఫ్రీ ఫ్లో అని అమ్మునది సామాన్యముగా ఈ రెండవ రకము, లేదా నూలు సైతము లేని వట్టి గొట్టము.

ధ్వనిని రూపొందించుట నేడు ఒక శాస్త్రము. జపాను దేశపు లెక్సస్ ఎల్.ఎఫ్.ఏ. కారు ధ్వనికి సంగీత వాద్యముల నిర్మాతయైన యమహా సంస్థ తోడ్పడినది. 2012లో వచ్చిన టొయోటా 86 కారులో గాలిమార్గపు ధ్వనిని నడుపువాని చెవికి చేర్చుటకై ప్రత్యేకముగా ఒక గొట్టమే అమర్చిరి. దీనివలన బలము రవ్వంతయు పెరుగదు; నడుపువాని కానందము కలుగును, వీధికి బాధ కలుగదు. ధ్వని వేరు, బలము వేరు అని నిర్మాతలే ఒప్పుకొన్నట్లయినది.

ఇక మ్రోతలో నున్న శక్తి యెంతో చూతము. గొట్టమునకు ఒక మీటరు దూరమున 110 డెసిబెల్సు వినబడు ధ్వని చెవులు గింగురుమనునంతటిది. ఆ ధ్వని నలుదెసలకు మోసికొనిపోవు శక్తిని లెక్కగట్టినచో ఇంచుమించు ఒక వాటు మాత్రమే. 40 అశ్వశక్తుల ఇంజను ఇచ్చునది సుమారు 30,000 వాట్లు. అనగా ఊరంతయు ఉలికిపడి లేచు మ్రోత ఇంజను బలములో ఇంచుమించు ముప్పదివేలవ వంతు మాత్రమే. ఆ మ్రోతను అణచినందువలన బలము పోదు. విడిచినందువలన బలము రాదు. బలము వచ్చినను పోయినను గాలి, పొగల రాకపోకల వలననే.

5. కోయంబత్తూరు దృష్టాంతము

ఈ విద్యను పందెపుబాటపై నిలిపి పరీక్షించిన తెలుగువారు లేకపోలేదు. దక్షిణమున కోయంబత్తూరు తెలుగు కుటుంబములు అందుకు సాక్షి. బస్సులు నడుపుచు యంత్రములను విప్పి శోధించిన జి.డి. నాయుడుగారు (1893–1974) ఆ ఊరికి యంత్రవిద్యయందు అభిరుచి కల్పించిరి. 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించిన కుప్పుస్వామి నాయుడుగారి వంశమున పుట్టిన ఎస్. కరివర్ధన్ పందెపు కార్లను స్వయముగా నిర్మించిరి. విదేశపు కార్లు దొరకని ఆ దినములలో, 1980వ దశకము చివర, మారుతి 800 ఇంజనుతో ఒంటి ఆసనపు పందెపుకారును రూపొందించి, ఫార్ములా మారుతి అను పందెపు తరగతికి కారకులైరి. ఇంటింటి కారులోని ఇంజనే పందెపుబాట కెక్కినది. ఆయన 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. కోయంబత్తూరు చెంత 2003లో ఏర్పడిన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మోయుచున్నది.

మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడి, యుద్ధకాలపు విమానాశ్రయమైన షోలవరమున పందెములు జరిపినది. 1990లో శ్రీపెరంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోటయందు శాశ్వతమైన బాటను నిర్మించినది. 1977లో జన్మించిన కోయంబత్తూరువాడైన నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా మారుతితో పందెములు మొదలిడి, 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడైనాడు.

ఇచ్చట గమనింపదగిన దేమనగా, పందెపుబాటపై మార్పు మాటతో నిలువదు, గడియారముతో నిలుచును. గొట్టము మార్చినపిమ్మట ఒక చుట్టునకు పట్టు కాలము తగ్గినదా లేదా యనునదే ప్రశ్న. తగ్గనిచో అది యెంత గర్జించినను విప్పి పారవేయబడును.

ఫార్ములా వన్ చరిత్రయే దీనికి తుదిసాక్ష్యము. కార్తికేయన్ నడిపిన 2005 నాటి కారులో 3 లీటర్ల వి-10 ఇంజను. అట్టి ఇంజను నిమిషమునకు 18,000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు 1,500 మారులు మండును. దాని కీచుధ్వని చెవులను చీల్చునది. 2014లో నియమములు మారి, 1.6 లీటర్ల వి-6 టర్బో ఇంజనును దానికి తోడు విద్యుత్తు మోటారును వచ్చినవి. టర్బో చక్రము పొగలోని శక్తిని గ్రహించి మరల ఇంజనుకే ఇచ్చును. వెలుపలికి వచ్చు పొగ నీరసమై ధ్వని చాల తగ్గినది. పందెమునకు 100 కిలోల ఇంధనమే వాడవలెనని నియమము పెట్టినను కార్లు బలమున వెనుకబడలేదు. ప్రేక్షకులు మాత్రము మ్రోత తగ్గినదని గోలపెట్టిరి. వారిని సంతోషపెట్టుటకై ఆ సంవత్సరమే మెర్సిడెస్ జట్టు బార్సిలోనాలో పొగగొట్టము చివర పెద్ద బూర నమర్చి చూచి, ఫలితము లేక మానివేసినది. బలము కావలసినవారు పొగనుండి శక్తిని పిండిరి. మ్రోత కావలసినవారు బూర నడిగిరి.

6. చట్టమును ఊరును

పందెపుబాట గోడల మధ్యనున్నది, వీధి అందరిది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాత నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచినది. ఆ యేడే సవరించిన చట్టమునుబట్టి ధ్వని, పొగల ప్రమాణములను మీరి వాహనము నడిపినవారికి మూడు నెలలవరకు కారాగారము, లేదా 10,000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. లైసెన్సు మూడు నెలలు నిలిచిపోవును. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా ప్రకటించుటకు వీలు కల్పించి, అచ్చట పగలు 50, రాత్రి 40 డెసిబెల్సు హద్దు విధించినవి.

డెసిబెలు లెక్క వడ్డీలెక్కకంటె చిత్రమైనది. 10 డెసిబెల్సు పెరిగినచో ధ్వనిశక్తి పది రెట్లగును, 20 పెరిగినచో నూరు రెట్లగును. తరగతి గదిలో ఉపాధ్యాయుని కంఠధ్వని సుమారు 60 డెసిబెల్సు. రోడ్డుపై బండి 90 డెసిబెల్సుతో పోయినచో అది వేయి రెట్లు. ఆ రెండు క్షణములలో చదువబడిన పద్యపాదమును పిల్లలు వినరు, మరల చెప్పవలెను. దినమునకు ఇట్టివి ఎన్నియో. రాత్రియంతయు చరకా వద్ద నిలిచి పట్టు తీసి తెల్లవారి కన్నుమూసిన కూలివానికిని, బాలెంతకును, రోగికిని పోయినది గూడ ఇట్లే లెక్కకు రాదు.

ఇంకొక నష్టము కలదు. నేటి కారు పొగమార్గమున క్యాటలిటిక్ కన్వర్టరు అను పరికరము కలదు. ప్లాటినము, పల్లాడియము, రోడియము పూసిన సన్నని గదులలో విషవాయువులు నిరపాయకరములుగా మారును. పొగకు అడ్డమని దానిని తీసివేసినచో కొద్దిపాటి బలము రావచ్చును. ఆ విషము మాత్రము వెనుక నడుచు బాలుర ఊపిరిలో చేరును. ఒక ఇంజను ఊపిరికై పది మంది ఊపిరిని పణము పెట్టుట ధర్మము కాదు.

ఈ మాటలు యువకుల ఉత్సాహమును చల్లార్చుటకు చెప్పునవి కావు. బండిని ప్రేమించుట తప్పు కాదు. దానికి శుభ్రమైన ఫిల్టరు, సరియైన గాలి, కాలమునకు మార్చిన స్పార్కు ప్లగ్గులు, సరిగా నింపిన టైర్లు ఇచ్చినచో పోయిన బలము తిరిగి వచ్చును, ఖర్చును తక్కువ. అంతకు మించి మార్పు కోరువాడు పందెపుబాటకు పోయి గడియారము నెదుట నిలువవలెను. కరివర్ధన్ చేసినది అదియే.

7. ముగింపు

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా ఈ పందెము జరిగినది. భారతదేశమున ఆ తరగతి పందెము అదే ప్రథమము. అందు పాల్గొన్న కార్లకు 350 కిలోవాట్ల, అనగా సుమారు 470 అశ్వశక్తుల, బలము కలదు. వానికి గాలిమార్గము లేదు, పొగగొట్టము లేదు. తెలుగు రాజధాని వీధులలో అవి టైర్ల ఒరపిడితో, మోటార్ల సన్నని కూతతో దూసికొనిపోయినవి.

ఇంజను గల కార్లు ఇంకను చాలకాలముండును. వాని ఊపిరిని కుదుర్చు విద్యకు విలువయు నుండును. కాని ఊపిరికిని మ్రోతకును భేదము తెలిసినవాడే ఆ విద్యకు అర్హుడు. ఆదివారమునాటి తెల్లవారుజామున నందికొండ మలుపున గర్జించు బండి తన యజమానునికి ఇచ్చుచున్న అదనపు బలము పలుమారు ఏమియు లేదు. క్రింది పల్లెలనుండి తీసికొనుచున్నది మాత్రము ఒక నిద్ర.